గంట ముందు ఏడుపు

నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో, రూఫస్ వాళ్లింట్లో పొద్దున ఆరింటికి పాప ఏడుపు వినిపించేది. అతని భార్య జెర్లిన్ మెల్లగా లేచి ముఖం కడుక్కునేది. నీళ్లు పట్టుకునేది, చాయ్ పెట్టుకునేది, ఆరిన బట్టలు మడత పెట్టేది. సరిగ్గా ఏడింటికి తొట్టెల పక్కకు వచ్చి కూర్చునేది. అప్పటిదాకా హాయిగా నిద్రపోతున్న పాప కళ్లు తెరిచి, ముఖమంతా ముడిచి, నోరు బార్లా తెరిచి, చప్పుడు లేకుండా ఏడ్చేది. పాలు పట్టగానే ఊరుకునేది.

పాప పేరు షాలోమ్. నాలుగో నెల నడుస్తోంది. మూడు నెలలు నిండిన దగ్గర్నుంచి దాని ఏడుపు ఒక గంట ముందు వినిపిస్తోంది, ఏడవడం మాత్రం గంట తర్వాత. గల్లీలో దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఒకరికి పళ్లు ముందొస్తాయి, ఒకరికి నడక ముందొస్తుంది, ఈ పిల్లకు ఏడుపు ముందొచ్చింది. మేడ మీద ఉండే ఇంటి ఓనరు ప్రభావతి మాత్రం ఒక్కసారి నిట్టూర్చింది. తన భర్త కోపం కూడా ఇలాగే గంట ముందు వినిపించి ఉంటే, ఈ ముప్పై ఏళ్లూ ఆ గంటలో చెల్లెలింటికి వెళ్లి కూర్చునేదాన్నని చెప్పుకుంది. చర్చిలో ప్రసంగం మధ్య పాప ఏడుపు వినిపిస్తే పాస్టరు గారు గడియారం చూసుకుని, పాప నిజంగా ఏడ్చేలోపే ముగిస్తానని సంఘానికి మాటిచ్చారు. ఆ మాట ఇప్పించడం అంతకుముందు ఏ పెద్దవాళ్ల వల్లా కాలేదు.

తొట్టెల పక్కన ఒక పలక వేలాడేది. దాని మీద రెండు గళ్లు. ఒకదాంట్లో ఏడవబోయే టైము, రెండోదాంట్లో కారణం. కారణం చెప్పే పని జెర్లిన్ తల్లి డోర్కాస్‌ది. కాన్పుకని ఒక నెల ఉండి వెళ్తానని మెదక్ నుంచి వచ్చిన మనిషి. ఎప్పుడు వెళ్తారని అడిగే ధైర్యం అల్లుడికి లేదు, అడగాలన్న ఆలోచన కూతురికి లేదు. ఆమె ఏడుపు విని, తల కొంచెం పక్కకు వంచి, "పాలు" అనేది, లేదా "తడి" అనేది, లేదా "ఊరికే" అనేది. గంట తర్వాత చూస్తే అదే అయ్యేది.

ఇక రూఫస్. అబిడ్స్‌లో కళ్లద్దాల షాపులో అద్దాలు బిగిస్తాడు. అర మిల్లీమీటరు తేడా రానివ్వడు. అద్దం బిగించగలిగినవాడు ఏదైనా బిగించగలడని అతని నమ్మకం. తండ్రి అయినప్పటి నుంచి ఆ నమ్మకం ఇంటి మీద పడింది. కిటికీకి రంగు వేశాడు, అప్పట్నుంచి అది తెరుచుకోలేదు. కుళాయి బాగుచేశాడు, అప్పట్నుంచి ప్లంబరు ఇంటి మనిషిలా వచ్చి పోతున్నాడు. ఆదివారాలు పాపను గుండెకు కట్టుకుని ముగ్గురూ అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి నడిచి వెళ్లేవాళ్లు. అక్కడే ఒకసారి ఇంటి రిపేర్ల పుస్తకం కొన్నాడు. చెక్క పని దాకా ఉంది. గోడల గురించి రాసిన పేజీలు ఎవరో పల్లీల పొట్లాలకు చింపుకున్నారు.

శుక్రవారం అతను తొట్టెల పైన గోడకు ఒక చెక్క షెల్ఫ్ బిగించాడు. దాని మీద పాప బట్టలు, పౌడరు డబ్బాలు, పెళ్లికి వచ్చి ఇంతవరకు అట్టపెట్టె విప్పని పెద్ద కుక్కరు, డోర్కాస్ వస కొమ్ము అరగదీయడానికి మెదక్ నుంచి మోసుకొచ్చిన రాతి కల్వం పెట్టాడు. ప్రభావతి మెట్లు దిగుతూ చూసింది.

"బాబూ, గిది డంగు సున్నం గోడ. మా మామగారి కాలంది. క్యాలెండరుకు మేకు కొడితేనే పిడికెడు రాలుతది."

ప్లాస్టిక్ ప్లగ్గులు వేశాను ఆంటీ, ఏనుగు వేలాడినా ఊడదని రూఫస్ అన్నాడు. ఏనుగుని ఎవరు వేలాడదీస్తున్నారని ప్రభావతి అడిగి పైకి వెళ్లిపోయింది. డోర్కాస్ షెల్ఫ్ వైపు చాలాసేపు చూసి, బాగుందంది. అల్లుడు చేసిన పనిని అల్లుడి ముందు తప్పు పట్టకూడదన్నది వాళ్లింట్లో పదకొండో ఆజ్ఞ. మిగతా పదీ అప్పుడప్పుడు తప్పినా దీన్ని ఎవరూ తప్పలేదు.

శనివారం రూఫస్ సెలవు పెట్టాడు. సాయంత్రం పాపకు మొదటిసారి నుమాయిష్ ఎగ్జిబిషన్ చూపించాలని అనుకున్నారు. పది గంటల ఐదు నిమిషాలకు జెర్లిన్ ఫ్లాస్కు కడుగుతోంది, డోర్కాస్ ఉల్లిగడ్డలు తరుగుతోంది, పాప తొట్టెలలో తన పిడికిలి తను చూసుకుంటోంది.

అప్పుడు వినిపించింది.

అది పాలకు కాదు, తడికి కాదు, ఊరికే కాదు. గొంతు చీల్చుకుని వచ్చిన ఒకే ఒక్క కేక. సాగి, సాగి, ఊపిరి అందక వణికి, మళ్లీ లేచి, ఉన్నట్టుండి ఆగిపోయింది. సన్నగిల్లలేదు, వెక్కిళ్లు లేవు. కత్తెరతో దారం తెంపినట్టు ఆగింది. పాప మాత్రం పిడికిలి నోట్లో పెట్టుకోవడానికి ప్రయత్నిస్తూనే ఉంది.

డోర్కాస్ చాకు కింద పెట్టింది. పలక తీసుకుని 11:05 అని రాసింది. రెండో గడి దగ్గర బలపం ఆగిపోయింది. కేక గురించి మాట్లాడటానికి ముగ్గురికీ నోరు వచ్చేది. అది ఆగిన తీరు గురించి మాట్లాడటానికి ఎవరికీ రాలేదు.

రూఫస్ ఇల్లంతా తిరిగాడు. కత్తెర, చాకు, అగ్గిపెట్టె, సూదుల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాడు. గ్యాస్ కట్టేశాడు. గీజరు తీగ పీకేశాడు. మంచం కింద తేళ్ల కోసం టార్చి వేసి చూశాడు. నాంపల్లిలో ఆ గల్లీలో తేలు కనిపించి నలభై ఏళ్లు అయింది. తలెత్తి షెల్ఫ్ వైపు మాత్రం చూడలేదు. డోర్కాస్ చూసింది, చూసి కళ్లు దించుకుంది. జెర్లిన్ కూడా చూసింది. మొగుడి ముఖం చూసి ఊరుకుంది. పాపను తొట్టెలలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది, అంతే.

కేక పైదాకా వినిపించి ప్రభావతి ఎండుమిరపకాయలు, ఉప్పు పట్టుకుని దిగింది. దిష్టి తీస్తానంది. డోర్కాస్ ప్రార్థన చేద్దామంది. పాపను మంచం మధ్యలో పడుకోబెట్టి చుట్టూ మనమే కూర్చుందామని రూఫస్ అన్నాడు. మంచం కోళ్లలో ఒకటి అతనే బాగుచేశాడని ప్రభావతి గుర్తుచేసింది.

జెర్లిన్ ఇవేవీ వినడం లేదు. గోడకు క్లిప్పుతో తగిలించిన టీకాల కార్డు చూస్తోంది. పద్నాలుగు వారాలకు వేయించాల్సిన సూది మొదట జలుబు వల్ల, తర్వాత రూఫస్ రంగుల పని వల్ల ఆగిపోయింది. ఇంతకుముందు వేసినవన్నీ ఏడుపు ముందు రావడం మొదలుకాక ముందువి. ఈ పాప సూదికి ఎలా ఏడుస్తుందో గంట ముందు విన్నవాళ్లు ఎవరూ లేరు.

"మమ్మీ, ఏడుపు వచ్చేసింది. ఇగ పాప ఏడ్వక తప్పదు," అంది జెర్లిన్. "దేనికి ఏడ్వాలో అది మనమే చూద్దాం."

టీకాల కార్డు క్లిప్పులోంచి లాగింది.

"శనివారం," అంది ప్రభావతి. "ఇయ్యాల దవాఖానల సూదులేస్తరు."

గడియారం పదీ ముప్పై చూపిస్తోంది. మీరు వెళ్లండి, నేను ఉండి ఇల్లు చూసుకుంటానన్నాడు రూఫస్. తొట్టెల పక్కన స్టూలు మీద కూర్చుని, ఏ మూల నుంచి ఏమొస్తుందో కనిపెడతానన్నాడు. నిజం గల్లీకంతా తెలుసు. పది వారాల సూదప్పుడు అతను బండి పార్కు చేసొస్తానని బయటికి వెళ్లి అరగంట తర్వాత వచ్చాడు. అతనికి బండి లేదు.

"నువ్వు రావాలె," అంది జెర్లిన్. "కాళ్లు నువ్వే పట్టుకోవాలె. నేను పాపను పట్టుకుంట."

దవాఖాన ఆటోలో పది నిమిషాలు. ఆ రోజు మొదటి ఆటోవాడు రానన్నాడు, రెండోవాడు వచ్చి స్టేషన్ రోడ్డు మీద చిక్కుకున్నాడు. ముందు బస్సు, వెనక బస్సు, పక్కన పరుపులు ఎక్కించుకున్న ట్రాలీ. పదీ నలభై మూడు. బస్సు హారను కొట్టినప్పుడల్లా జెర్లిన్ పాప తల మీద చెయ్యి కప్పింది. డోర్కాస్‌కు ట్రాలీ మీది పరుపుల కట్ట ఒరుగుతున్నట్టు అనిపించింది. ఆటో వంద అడుగులు కూడా కదలకపోతే దిగి నడిచారు. రూఫస్ ముందు నడుస్తూ రెండు చేతులు చాచి, వచ్చేపోయే జనాన్ని తప్పిస్తూ, మాన్‌హోల్ మూతల మీద కాలు వేసి చూస్తూ వెళ్లాడు. అద్దాల షాపు ఓనరు ఆ సమయంలో అటు వచ్చి ఉంటే అతనికి ఒక వారం సెలవు ఎక్కువిచ్చేవాడు.

దవాఖాన చేరేసరికి పదీ యాభై రెండు. ఇరవై మంది తల్లులు, ఇరవై ఇద్దరు పిల్లలు. కవల పిల్లల్ని చెరో భుజం మీద వేసుకున్న ఒకావిడ వాళ్లను ఆపేసింది.

"మేము తొమ్మిదింటి సంది గీడనే ఉన్నం. లైనుల రాండ్రి."

డోర్కాస్ ఆమె చెవి దగ్గర ఏదో చెప్పింది. ఆవిడ షాలోమ్ ముఖం వైపు వంగి చూసింది.

"గంట ముందు ఏడ్చే పాప గిదేనా? ఎంతసేపుంది?"

"పన్నెండు నిమిషాలు."

ఆవిడ వెనక్కి తిరిగి, ముందున్న వాళ్లకు చెప్పింది. మాట లైను చివరిదాకా పాకింది. ఒక్కొక్కరూ పిల్లల్ని సర్దుకుని గోడకు జరిగారు. బరువు చూశారు, జ్వరం చూశారు, కార్డు రాశారు. నర్సు హైందవి సూదిలో మందు ఎక్కించి దూది తీసుకుంది. గోడ గడియారంలో పదకొండూ ఒకటి.

"నర్సమ్మా, జర నాలుగు నిమిషాలు ఆగండి," అంది డోర్కాస్.

హైందవి తలెత్తింది. "సూదికి ముహూర్తమా అమ్మా?"

ప్రభావతి ముహూర్తాలు చూసుకున్నప్పుడల్లా మూతి విరిచే డోర్కాస్, మెదక్‌లో ముప్పై ఏళ్లు సండే స్కూల్ నడిపిన డోర్కాస్, "ఔ" అంది.

వెనకనుంచి సణుగుడు మొదలైంది. తోసుకుని ముందుకొచ్చి ఇక్కడ నిలబడతారా అని ఎవరో అన్నారు. ఎవరూ ముందుకు కదల్లేదు. ఆ నాలుగు నిమిషాల్లో ఆ గదిలో ప్రమాదం కానిది ఏదీ లేకపోయింది. పైన ఫ్యాను కొద్దిగా ఊగుతోంది. రూఫస్ జెర్లిన్‌ను రెండడుగులు పక్కకు జరిపాడు. అక్కడ టేబుల్ మూల పదునుగా ఉంది. ఇంకో అడుగు జరిపాడు. అక్కడ వేడి నీళ్ల కెటిల్ ఉంది. మూడు నిమిషాలు. కవలల తల్లి చెప్పు జారి తూలింది, ఆమెను ఇద్దరు పట్టుకున్నారు. రెండు నిమిషాలు. పాప రూఫస్ చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది. అతను మోకాళ్ల మీద కూర్చుని పాప రెండు కాళ్లు పట్టుకున్నాడు. కళ్లు మూసుకోలేదు. ఈ విషయం అతను ఇప్పటికీ అందరికీ చెప్తాడు, అడగనివాళ్లకు కూడా.

పదకొండూ ఐదు. సూది దిగింది.

పాప ముఖం ఎర్రబడింది. నోరు తెరుచుకుంది, గొంతు నరాలు తేలాయి. చప్పుడు లేదు. చుట్టూ ఇరవై ఇద్దరు పిల్లలు ఏడుస్తుంటే ఆ ఒక్క నోరు మాత్రం నిశ్శబ్దంగా, భయంకరంగా తెరుచుకుని ఉంది. డోర్కాస్ పెదవులు కదులుతున్నాయి. పొద్దున కేక విన్నప్పుడు ఆమె అలవాటు కొద్దీ లెక్కపెట్టింది, పన్నెండు దగ్గర ఆగింది. ఇప్పుడు తొమ్మిది. పది. పదకొండు.

జెర్లిన్ ఆగలేకపోయింది. కొంగు చాటు చేసి పాపను రొమ్ముకు అదుముకుంది.

పన్నెండు. ముఖం విప్పుకుంది. పాప గుటక వేసింది.

కత్తెరతో తెంపినట్టు ఆగింది. జెర్లిన్ తల్లి వైపు చూసింది. తల్లి ముక్కు తుడుచుకుని, నర్సమ్మకు వందనాలు చెప్పింది. రూఫస్ ఇంకా కాళ్లు పట్టుకునే ఉన్నాడు. అతని జేబులో ఫోను వణుకుతోంది. అతను చూసుకోలేదు.

సూది వేశాక అరగంట కూర్చోవాలని హైందవి చెప్పింది. ఆ బెంచీ మీద ఫోను తీస్తే ప్రభావతి ఆంటీ నుంచి మూడు మిస్‌డ్ కాల్స్. మొదటిది పదకొండూ ఆరు. రూఫస్ తిరిగి చేశాడు. పాప మంచిగుందా అని ఆమె అడిగింది. మంచిగుందన్నాడు. అయితే నిదానంగా రమ్మని ఫోను పెట్టేసింది. ప్రభావతి అంత తక్కువ మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు. అరగంట ఎలా గడిచిందో అతనికే తెలియాలి.

వాళ్లు వచ్చేసరికి తలుపు తెరిచే ఉంది. తన దగ్గరున్న తాళంతో ప్రభావతి తీసింది. గది నిండా సున్నం పొడి. గోడలో నాలుగు చోట్ల పిడికిలి పట్టేంత గుంతలు. స్టూలు కాలు విరిగి పక్కకు పడి ఉంది. షెల్ఫ్ చెక్క ఒక కొస నేల మీద, ఒక కొస తొట్టెల అంచు మీద ఉంది. తొట్టెలలో, పాప తల పెట్టుకునే చోట, కుక్కరు. దాని పక్కన రాతి కల్వం, రెండు ముక్కలు. ప్రభావతి తొట్టెల తాడు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఖాళీ తొట్టెల ఊగకూడదని పట్టుకుందట. అప్పట్నుంచి వదల్లేదట.

రూఫస్ గుమ్మంలోనే నిలబడ్డాడు. స్టూలు వైపు చూశాడు. తర్వాత గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చున్నాడు.

ప్రభావతి నోరు తెరిచింది. ఏమంటుందో గల్లీలో పసిపిల్లలకు కూడా తెలుసు. డోర్కాస్ ఆమెకు అడ్డుపడింది.

"తప్పు గోడది అల్లుడా," అంది. "పాత గోడ. నీ పని మంచిగనే ఉండె."

అప్పుడు వినిపించింది.

ఏడుపు కాదు. మొదట గొంతులో ఏదో బొంగురుగా దొర్లింది, తర్వాత కిలకిల. ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ కిలకిల. జెర్లిన్ భుజం మీద పాప నోరు తెరిచి నిద్రపోతోంది. షాలోమ్ అంతవరకు పెదవులతో నవ్వింది గానీ గొంతుతో నవ్వలేదు.

టైము పదకొండూ యాభై ఐదు. డోర్కాస్ సున్నంలోంచి పలక వెతికి తీసి, దులిపి, 12:55 అని రాసింది. ఈసారి కూడా రెండో గడి ఆమె నింపలేకపోయింది. ఈ చప్పుడు ఆమెకు కొత్త.

ఆ గంట ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. ప్రభావతి కూడా ఇంటికి పోలేదు. పొయ్యి మీద పప్పు ఉందని రెండుసార్లు చెప్పింది, రెండుసార్లూ కూర్చుంది. కారణం తాము కావాలని ఎవరి ఆశ వాళ్లకుంది. పన్నెండున్నరకు పాప లేచింది. ప్రభావతి చిటికెలు వేసింది. డోర్కాస్ కీర్తన పాడింది. పాప మర్యాదగా చూసి ఊరుకుంది. పన్నెండూ యాభై దాటాక రూఫస్ ఎవరితోనూ మాట్లాడకుండా లేచాడు. స్క్రూడ్రైవరు తీసుకుని, గోడకు వేలాడుతున్న చివరి ఇనుప బ్రాకెట్టు విప్పడానికి నిలబడ్డాడు. స్క్రూడ్రైవరు అక్కర్లేకపోయింది. వేలు తగలగానే స్క్రూ వచ్చేసింది. దాని వెనకే తట్టెడు సున్నం అతని నెత్తి మీద దిగింది. జుట్టు, మీసం, కనురెప్పలు అన్నీ తెల్లబడ్డాయి. అతను కదలకుండా, స్క్రూ చేతిలో పట్టుకుని, నోట్లోంచి కొంచెం పొడి ఉమ్మాడు.

షాలోమ్ అతని వైపు చూసింది. కళ్లు పెద్దవయ్యాయి. బోసినోరు తెరుచుకుంది, పొట్ట ఎగిరెగిరి పడింది, కాళ్లు గాల్లో తన్నుకున్నాయి. చప్పుడు లేదు. చప్పుడు వాళ్లు ముందే విని ఉన్నారు.

జెర్లిన్ పలక అందుకుని, 12:55 పక్కన ఖాళీగా ఉన్న గడిలో రాసింది, "డాడీ."