కస్టమర్ కుర్చీ

ఎవరి కంచంలో ఏం నిండుకుందో ఆమెకి వాళ్ళకంటే ముందే తెలుస్తుంది. భర్త చెయ్యి గాల్లోకి లేచేసరికి మంచినీళ్ళ గ్లాసు అక్కడుంటుంది. అత్తగారు మొహం చిట్లించేలోపే ఉప్పు డబ్బా ముందుకి జరుగుతుంది. కూతురు ఫోన్లోంచి తలెత్తకుండానే తిని లేస్తుంది. బల్లకి నాలుగు కుర్చీలు. నాలుగోదాని మీద ఎప్పుడూ ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలుంటాయి. అందరూ లేచాక ఆమె వంటగట్టు దగ్గర నిలబడి, గిన్నెల అడుగున మిగిలింది ఒక కంచంలోకి ఊడ్చుకుని తినేసి, అదే ఊపులో ఆ గిన్నెలూ తోమేస్తుంది. అలా అయితే టైము కలిసొస్తుందని ఆమె వాదన. ఇన్నేళ్ళలో ఆ వాదనని ఎవరూ కాదనలేదు.

ఈమధ్య గిన్నెలు తోముతున్నంతసేపూ ఆమె పెదాలు కదుపుతోంది. ఏంటమ్మాయ్ నీలో నువ్వే గొణుక్కుంటున్నావని అత్తగారు అడిగింది. ఫ్రెంచి పాఠం అత్తయ్యా, అంది. ఆవిడ కాసేపు ఆలోచించి, పోనీలే, నన్ను తిడుతున్నావేమో అనుకున్నా, అని ఊరుకుంది.

ఆమెది యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం. కొత్త పుస్తకాలకి నంబరు వేసి, వీపున చీటీ అంటించి, పేరు కంప్యూటర్లోకి ఎక్కించాలి. పదకొండేళ్ళుగా ఫ్రెంచి పుస్తకాల పేర్లు కూడా అక్షరం అక్షరం చూసి ఎక్కిస్తోంది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. రోజూ మనం నడిచే వీధిలో ఎప్పుడూ తలుపులు వేసుండే ఇల్లు ఒకటుంటుంది. లోపల ఎవరుంటారో, ఏం మాట్లాడుకుంటారోనని ప్రాణం కొట్టుకుంటుంది. ఆ పుస్తకాలతో ఆమెకి అలాగే ఉండేది. ఈ ఏడు నోటీసు బోర్డు మీద కాగితం కనపడింది. సిబ్బంది కూడా మొదటి ఏడాది పిల్లలతోపాటు ఫ్రెంచి క్లాసులో కూర్చోవచ్చు. టర్మ్ చివర మాట్లాడే పరీక్ష పాసైతే పై టర్మ్‌కి సీటు. తప్పితే ఆ సీటు ఇంకొకరికి పోతుంది, మళ్ళీ ఇవ్వరు. క్లాసు మధ్యాహ్నం భోజనాల గంటలో. భోజనం వదులుకోవడం ఆమెకి పెద్ద లెక్కలోకి రాలేదు.

భర్త అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పినా బాగుండేది, వాదించడానికి ఏదో ఒకటి దొరికేది. ఆయన నవ్వాడు. ఎవరితో మాట్లాడతావోయ్, పాలవాడితోనా, అన్నాడు. ఒక ఆదివారం ఆయన ఆఫీసువాళ్ళు టీకి వస్తే, మా ఇంట్లో విదేశీ రాయబారి ఉంది చూడండని పిలిచి, ఏదీ, నాలుగు ముక్కలు వదులు, అన్నాడు. టీ ట్రే చేతుల్లో పట్టుకుని ఆమె తనకి బాగా నోటికొచ్చిన మాటలే చెప్పింది. అర్థమేంటని వాళ్ళు అడిగారు. మీకేం కావాలి, వెంటనే తెస్తాను, ఇంకేమైనా కావాలా, అని చెప్పింది.

"ఓస్ ఇంతేనా," అన్నాడు భర్త. "అది నీకు తెలుగులో ఎప్పుడో వచ్చుగా."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కప్పులు కడుగుతున్నప్పుడు మాత్రం, తనెందుకు నవ్విందా అని ఆలోచించింది. బాధ కాదు, సందేహం. పక్కవాళ్ళు ఆవులిస్తే మనకీ ఆవులింత వస్తుందే, అలాంటి నవ్వేమో అది.

ఆ మాటలు హోటల్ పాఠంలోవి. క్లాసులో ఇద్దరిద్దరు జంట కట్టి మాట్లాడాలి. ఒకరు కస్టమర్, ఒకరు సర్వర్. ఆమె జంట పద్దెనిమిదేళ్ళ పిల్ల, మార్కు ఒక్కటి తగ్గినా మూతి ముడుచుకుంటుందని క్లాసంతా బుంగమూతి అనే పిలుస్తుంది. మొదటిరోజు ఆ పిల్ల చటుక్కున కుర్చీలో కూర్చుంది. ఆమె నిలబడింది. టర్మంతా అలాగే గడిచిపోయింది. ఎవరూ నిర్ణయించలేదు, ఎవరూ అడగలేదు. ఆంటీ, మీరు సర్వర్‌గా భలే చేస్తారు, అనేది బుంగమూతి. ఆ మెచ్చుకోలుకి ఆమె లోపల్లోపల మురిసిపోయేది కూడా.

పరీక్షనాడు టీచరమ్మ కిటికీ పక్కన బల్ల వేయించింది. సన్నటి మనిషి, మాట మాత్రం గట్టిది. ఇద్దరూ అలవాటుగా ఎవరి చోటికి వాళ్ళు వెళ్తుంటే, "ఇవాళ మారండి," అంది. "ఆంటీగారు కూర్చోవాలి."

ఆమె కూర్చుంది. కూర్చోగానే బల్ల మీది చెంచాలు సర్దింది. బుంగమూతి నవ్వు ఆపుకుంటూ వచ్చి, మీకేం కావాలని ఫ్రెంచిలో అడిగింది. జవాబులు పుస్తకంలో రెండు పేజీలున్నాయి. కాఫీ, సూప్, చేప, బ్రెడ్, పళ్ళు, అన్నీ కంఠతా వచ్చు. వాటిలో ఒక్కటీ నోట్లోకి రాలేదు. వచ్చింది వేరే వాక్యం. తడుముకోకుండా, చక్కగా వచ్చింది.

టీచరమ్మ పెన్ను ఆగిపోయింది. "ఈ వాక్యం నేను చెప్పలేదు, పుస్తకంలోనూ లేదు. ఏమన్నారో తెలుసా?"

తెలుసు. మిగిలిందేదైనా ఫరవాలేదు, అనే తను అన్నది.

"తప్పులేం లేవు," అంది టీచరమ్మ నెమ్మదిగా. "అయినా అది జవాబు కాదు. ఇంకొక్కసారి అడిగిస్తాను. ఈసారీ చెప్పకపోతే మార్కు వెయ్యలేను."

పరీక్ష పోతోందని తెలుస్తూనే ఉంది. అయినా ఆమె మనసు అటు పోలేదు. ఆ వాక్యం చుట్టూనే తిరుగుతోంది. టర్మంతా పుస్తకంలోని మాటలే అప్పజెప్పింది. తనంతట తాను కూర్చుకున్న మొట్టమొదటి ఫ్రెంచి మాట ఇదే. ఎక్కడ దాక్కుందిది? వంటగట్టు దగ్గర నిలబడి రోజూ ఒక్కో ముక్క పోగేసుకుందా? తలుపులు వేసున్న ఇంట్లోకి తొంగిచూద్దామని పరాయి భాషలోకి వచ్చింది. తీరా చూస్తే లోపల ఉన్నది తనే.

బుంగమూతి ఈసారి నవ్వకుండా అడిగింది. "మీకేం కావాలి?"

నిజంగా, ఏం కావాలి? ఆమె వెతికింది. నిదానంగా, దుమ్ముపట్టిన బీరువాలో పాత పుస్తకం వెతికినట్టు. సూప్, అంది. కాసేపాగి, వేడిగా, అంది. మళ్ళీ కాసేపటికి, ఇప్పుడే, అని కూడా కలిపింది.

వెంటనే తెస్తానని బుంగమూతి గది చివరున్న బీరువా దాకా నడిచింది. ఆ నిమిషంలో ఆమెకి చెయ్యడానికి పనేమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఒడిలో పెట్టుకుంది. మనకోసం ఒకరు తెచ్చేదాకా మనుషులు ఏం చేస్తారో? కిటికీలోంచి చూస్తారు కాబోలు. చూసింది. బయట ఎవరో సైకిల్ గొలుసు సరిచేసుకుంటున్నారు. అంత తీరిగ్గా ఆమె ఒక గొలుసుని ఎప్పుడూ చూడలేదు.

బుంగమూతి తెచ్చింది ఖాళీ గిన్నె. పరీక్ష మాత్రం ఆమె పాసైంది.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం వంటంతా బల్ల మీద పెట్టి, నాలుగో కుర్చీ మీది బట్టలు తీసుకెళ్ళి మంచం మీద వేసింది. కంచం తెచ్చుకుని కూర్చుంది. కుర్చీ ఒక కాలు పొట్టిదని ఆమెకి ఇన్నాళ్ళూ తెలీదు. భర్త పేపర్లోంచి తలెత్తకుండా చెయ్యి గాల్లోకి లేపాడు. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండి, దిగింది.

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందండీ."

పరీక్ష సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. పాసయ్యానంది. అయితే ఒక ముక్క వదులు మరి, అన్నాడు. ఆమె చెప్పింది. అత్తగారు తినడం ఆపి చూసింది. కూతురు ఫోను బోర్లించింది.

"అంటే ఏంటమ్మా?" అంది కూతురు.

"నాకు వేడిగా కావాలి, ఇప్పుడే, అని."

కూర గిన్నె ఆయన మోచేతి పక్కనే ఉంది. ఆమె కంచం అటు జరిపి, చేతులు ఒడిలో పెట్టుకుని, కిటికీలోంచి చూడసాగింది.