ఆ నవ్వు ఎవరు తీసినట్టు?

ఆ వీధిలో ఫోటో స్టూడియో నడిపే పెద్దాయనను అందరూ ‘కదలకండి మాస్టారు’ అనేవారు. ముప్ఫై ఏళ్లుగా ఫిల్ము కెమెరా వెనక నిలబడి ఆయన ఎక్కువగా అన్న మాట అదే. రెండేళ్ల క్రితం ఆయన కోడలు డిజిటల్ కెమెరాతో స్టూడియోలో చేరింది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, వీళ్లు సణుక్కుంటూనే ఇమిడిపోయారు.

ఒక ఉదయం పళ్ల డాక్టరమ్మ వచ్చింది. కొత్త క్లినిక్ బోర్డు మీదికి నవ్వుతున్న ఫోటో, అదీ నలుపు తెలుపుల్లో, కావాలంది. అందరి చేతా నోరు తెరిపించే ఆవిడకు కెమెరా ముందు పెదవే విడలేదు. ఎలాగో నవ్వించి మామగారు ఆరు ఫోటోలు తీశారు. తర్వాత కోడలు నూటయాభై తీసింది.

వారానికి ల్యాబు నుంచి నెగటివ్‌లూ, వాటి స్కాన్లూ వచ్చాయి. కోడలు తనవాటిలోంచి ఆరు ఏరి, పన్నెండూ ఒకే రకం కాగితం మీద విడివిడిగా ప్రింటు తీసి బల్ల మీద పరిచింది. డాక్టరమ్మ చాలాసేపు చూసి ఒకటి ఎత్తి పట్టుకుంది.

మామగారి మొహం చాటంత అయింది. “అదే ఫిల్మంటే! చెంప మీద వెలుగు ఎంత మెత్తగా దిగిందో చూడండి. కంప్యూటరుకు ఇది చేతనవుతుందా?”

కోడలు నీళ్లు నమిలింది. “మామయ్యా... అది నేను తీసిందండీ. జుట్టు చెవి వెనక్కి సర్దుకోమని నేనే చెప్పాను.”

“ఊరుకో అమ్మాయ్. నేను తీసింది నాకు తెలీదా?”

నెగటివ్‌లను లైటు పెట్టె మీద పరిచి భూతద్దం పెట్టి చూశారాయన. ఆరింటిలో అది లేదు. చివర్నుంచి మొదలుపెట్టి మళ్లీ చూశారు. లేదు. స్టూలు మీద కూలబడ్డారు.

కోడలు కూడా వంగి చూసింది. మూడో నెగటివ్ దగ్గర ఆగిపోయింది. పన్నెండింటిలోనూ తనకు బాగా నచ్చి, తనదే అనుకుని ప్రింటు తీసినప్పట్నుంచీ మురిసిపోయిన ఫోటో అది.

“ఇదేంటి మామయ్యా, ఇది నాది కదూ!”

“నెగటివ్ ఉంటే నీదెలా అవుతుందే?”

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఇంతకీ నేనేది తీసుకోవాలండీ? ఇందాక ఇది నచ్చింది. ఇప్పుడు నచ్చిందో లేదో తెలీట్లేదు. పన్నైతే పీకాలో ఉంచాలో చెప్పేస్తాను గానీ...”

చివరికి మొదట ఎత్తిందే పట్టుకుని వెళ్లింది.

మర్నాడు మామగారు పాత కెమెరా అద్దం తుడుస్తూ అడిగారు. “ఇన్నేళ్లూ చెంపల మీద నేను చూసిందేంటి మరి?”

“వెలుగే మామయ్యా.”

“అది ఫిల్ములో ఉందనుకున్నానే.”

“నన్నడక్కండి. మీది చూసి నాదని మురిశాను. నాకూ అంతా అయోమయంగా ఉంది” అంది.

ఆయన ఫోన్ తీసి, ప్రతినెలా తెప్పించే ఇరవై ఫిల్ము రోల్స్‌కు బదులు పది చెప్పారు.

“సగమే చెప్పారేం?”

“ఏమో. పదిహేను అందామనుకున్నాను. నోట్లోంచి పది వచ్చింది.”