మొదటి కాపీ మీద వేలిముద్ర

రామ్‌చందర్ కిరసనాయిలు గుడ్డతో రోలరు తుడిచి మెషిను మళ్లీ నడిపాడు. నయాపూల్ వంతెన అవతలి సందులోని ఆ ప్రెస్సులో 'మూసీవార్త' మధ్యాహ్నం అచ్చవుతుంది. అందరూ ఫోన్లలో వార్తలు చూసే ఈ రోజుల్లోనూ సాయంత్రం చాయ్ హోటళ్లలో చేతులు మారుతూనే ఉంటుంది. ఇవాళ అరవయ్యేళ్ల ప్రత్యేక సంచిక. నాలుగో పేజీ నిండా పత్రిక చరిత్రే: కార్వాన్‌లో అద్దె గది, కాలితో తొక్కే మెషిను, సీసం అక్షరాలు, ప్రెస్సులోకి నీళ్లొచ్చిన వానాకాలం. నడిమధ్యలో వెస్లీ ఫోటో.

రామ్‌చందర్‌కు పని నేర్పి, రిటైరైపోయిన పెద్ద మెషిన్‌మన్ వెస్లీ. నీళ్లొచ్చిన రోజు కాగితం చుట్టలను మేడ మీదికి మోసి పత్రికను నిలబెట్టింది అతనేనని రాశారు. మరి ఆ చుట్టలకు రెండో కొస పట్టింది ఎవరు, దయ్యమా? నడుంనొప్పి రామ్‌చందర్‌ది, ఫోటో వెస్లీది. సొమ్మొకడిది, సోకొకడిది. "ఈపారి నా ఫోటో వస్తది సూడు" అని భార్య రుక్మాబాయికి వారం నుంచి చెప్పుకున్న మనిషికి కడుపు భగభగ మండింది.

ఆ ప్రెస్సులో ఒక ఆనవాయితీ ఉంది. సిరా సరిగ్గా కుదిరిన మొదటి కాపీ అంచున మెషిన్‌మన్ తన బొటనవేలు ఒత్తుతాడు. ఆ కాపీ పోయేది యజమానికి కాదు, పెద్ద మెషిన్‌మన్‌కి. రామ్‌చందర్ రోజూ గౌలిపురలోని తన ఇంటికి పోతూ దారిలో వెస్లీకి ఇస్తాడు. ఇవాళ కూడా వేలు ఒత్తి, మడిచి గూట్లో పెట్టాడు. అందులో వెస్లీ ముఖం ఎంతో తేటగా వచ్చింది. ఓర్వలేకపోయాడు. ఫోటో ఉన్న వరుసకు సిరా వదిలే స్క్రూను వదులు చేశాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి కాపీలోనూ వెస్లీ ముఖం నల్లటి ముద్దే.

గూట్లోది అక్కడే వదిలి, ఒక నల్ల కాపీ తీసుకుని బయల్దేరాడు. ముసలాడి మొహం మాడిపోతుంటే కళ్లారా చూడాలనిపించింది.

వెస్లీ వరండాలో కుర్చీలో ఉన్నాడు. ఆయాసంతో నెల రోజులుగా అక్కడే. భార్య లలితమ్మ కళ్లజోడు తెచ్చి పెట్టింది. అతను పేజీని చాలాసేపు చూసి మెల్లగా నవ్వాడు.

"ఇంకు ఎక్కువైంది రా చందర్. నీ వేలు లేదేంది?"

"మర్శిపోయిన అన్నా."

"నువ్వా? మరుస్తవా?" దగ్గు ఆపుకున్నాడు. "ఇద్దరి ఫోటో ఏయమని మస్తు లొల్లి చేసిన. ఒక్కనికే జాగ ఉందన్నరు. రెండో కొస నీదేనని చెప్పిన, అది గూడ రాయలే. పోనీ తియ్, గిట్లనే మంచిగుంది. ఎవలో తెలుస్తలేదు, నువ్వే అనుకోరాదూ?"

రామ్‌చందర్ సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఇంకో కాపీ ఉందన్నా. అసల్ది. ఇప్పుడే తెస్త."

"గంత ఫికర్ ఏంది? చాయ్ తాగి పో."

ఆగలేదు. వంతెన మీద బండ్లు ఆగిపోతే ఆటో దిగి పరుగెత్తాడు. గూట్లోని కాపీ తీసుకుని తిరిగి వచ్చేసరికి వాకిట్లో చెప్పులు చాలా ఉన్నాయి. లలితమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"కునుకు తీస్తుండనుకున్న తమ్మీ," అంది.

వెస్లీని లోపల పడుకోబెట్టారు. చేతిలోని కాపీ ఎవరికివ్వాలో రామ్‌చందర్‌కు తోచలేదు.

వరండాలో ఖాళీ కుర్చీ. దాని మీద నల్ల కాపీ, పక్కన కళ్లజోడు. ఫోటో మీది పచ్చి సిరాలో ఎవరో వేలు అద్దిన గుర్తుంది. రామ్‌చందర్ వేలు పడాల్సిన అంచున, వెస్లీ బొటనవేలి ముద్ర ఇంకా ఆరలేదు.