జత లేని ప్లగ్గు

గురువారం సాయంత్రం నాలుగూ పదికి కోడలు కారు వైర్లలో పద్దెనిమిదో ప్లగ్గుని అత్తగారి చేతిలో పెట్టింది. షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఆవిడ గుప్పిట మూసింది. ఎడమ కన్ను టపటపా కొట్టుకుంది.

"ఎడమ ఇండికేటరు," అంది కోడలు. వైరింగు పని తనదే. ఆ ప్లగ్గు పగిలి ఉండడంతో కత్తిరించి కొత్తది వేసి, పాతది జేబులో పడేసుకుంది.

కారు మామగారిది. రంగు వేయిద్దామని నాలుగేళ్ల కిందట సీట్లూ వైర్లూ అన్నీ ఊడదీశారు. ఏది ఎక్కడిదో చీటీలు కట్టమంటే, "నా చేత్తో పీకినవి నాకు గుర్తుండవా?" అన్నారు. ఆ గుర్తులు ఆయనతోనే పోయాయి. రేపు తొమ్మిదింటికి బండి తన చక్రాల మీద ఆర్టీవో వాళ్ళ తనిఖీ మైదానానికి చేరాలి. చేరకపోతే తుక్కే. ఇక గడువు లేదు.

అత్తగారి చేతిలో పెడితే ప్రతి ప్లగ్గూ తన సంగతి చెప్పేసేది. హెడ్‌లైటుదైతే ఆవిడ కళ్ళలోని వెలుగు గోడ మీద పడేది. హారనుదైతే ఎక్కిళ్ళు. పెట్రోలు ముల్లుదైతే "అమ్మాయ్, ఆకలే" అనేది. చేతిలోంచి తీయగానే అన్నీ ఆగిపోయేవి.

"వైపరుది దొరికిందా?" అన్నాడు కొడుకు.

"ఇందాక అత్తయ్య చేతులూపితే మీరూ ఊపారే, అప్పుడే దొరికింది."

ఐదింటికి ఇంజను అందుకుంది. అత్తగారు కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టుకుంది. ఇంకొక్కటే మిగిలింది, రెండు పిన్నుల నల్ల ప్లగ్గు. కోడలు దాన్నీ ఆవిడ చేతిలో పెట్టింది.

"ఎడమ భుజం లాగేస్తోందే," అంది ఆవిడ.

"ఎడమ తలుపుదేమో," అన్నాడు కొడుకు.

కోడలు ప్లగ్గు తీసుకుని తలుపంతా వెతికింది. అది పట్టే చోటే లేదు. వెనక్కి తిరిగేసరికి అత్తగారి నుదుట చెమట ధారలు కడుతోంది.

"అత్తయ్యా, ఇంకా లాగుతోందా?"

"గుండెల్లోకి వచ్చింది."

కోడలు ప్లగ్గుని వెలుతురుకి పట్టి చూసింది. పిన్నుల మీద చిన్న గీత కూడా లేదు. ఖరీదైన మోడళ్ళకి ఉండే ఏదో హంగు కోసం ఫ్యాక్టరీ వాళ్ళు అన్ని కార్లకూ వదిలేసే వైరు. ఈ బండిలో దానికి జతే లేదు.

"ఏవండీ, ఇది ఎన్నడూ దేనికీ తగల్లేదు."

"మరి ఆ నొప్పి?"

"అది అత్తయ్యదే."

"పొద్దుటి నుంచీ ఉందే," అంది అత్తగారు నెమ్మదిగా. "వైర్లదేమోలే అనుకున్నా. చెబితే పని ఆపేస్తారని."

బండిలో ఉన్నది డ్రైవరు సీటొక్కటే. కొడుకు ఆసుపత్రికి నడిపాడు. వెనక రేకు మీద కోడలు చతికిలబడి అత్తగారి తల ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా హారను మోగుతూనే ఉంది. ఇంకో అరగంట ఆగుంటే చేతులెత్తేయాల్సి వచ్చేదన్నాడు డాక్టరు.

మర్నాడు తొమ్మిదైంది. తనిఖీ మాట ఎవరూ ఎత్తలేదు. అత్తగారు ఇంకా కళ్ళు తెరవలేదు. కోడలు జేబులోని పగిలిన ప్లగ్గు తీసి, ఆవిడ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. ఇద్దరూ ఆవిడ ముఖంలోకి వంగి చూశారు.

చాలాసేపటికి ఎడమ రెప్ప కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

"బండి కదిలిందా?" అంది అత్తగారు కళ్ళు తెరవకుండానే.

"మిమ్మల్ని ఎక్కించుకునే కదిలింది, అత్తయ్యా."