తొమ్మిది సున్నాలు

ఎనిమిదిన్నరకి ఐదు నిమిషాలుందనగా హైమావతి స్టవ్ కట్టేసింది. పెనం మీద పెసరట్టు ఒకవైపే కాలింది. "అదేంటి, మధ్యలో ఆపేశావు?" అని టేబులు దగ్గర్నించి భర్త బసవేశ్వరరావు అరిచాడు. వరండాలోంచి అత్తగారు ధనమ్మ అందుకుంది. "ఆ డబ్బా కోసం పరిగెడుతుందిరా. మొగుడి కడుపు ఆగుద్ది గానీ ఆ డబ్బా ఆగదు." పదకొండేళ్ళుగా ఈ వేళకి ఈ మాట విని విని, ఏ రోజైనా వినపడకపోతే గడియారం ఆగిందేమోనని చూసుకునే స్థితికి వచ్చింది హైమావతి.

ఆ డబ్బా వాన కొలిచేది. భట్టిప్రోలు పక్కన వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ పెరట్లో, కొబ్బరిచెట్లకి దూరంగా కంచె మధ్య ఉంటుంది. పైన గరాటు, లోపల సీసా. పక్కనే నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్ల పెట్టెలో రెండు థర్మామీటర్లు. బాపట్ల నుంచి నడిచే ఒక పరిశోధన ప్రాజెక్టు వాళ్ళు పెట్టి వెళ్ళారు. రోజూ ఎనిమిదిన్నరకి సీసాలో నీళ్ళు కొలత గ్లాసులో పోసి, వంగి, కంటికి సమానంగా పెట్టి చూసి, పుస్తకంలో రాసి ఫోన్లో పంపాలి. ప్రపంచమంతా ఒకే వేళకి చూడాలని ఎవరు నిర్ణయించారో గానీ, వాళ్ళలో ఒక్కరూ అట్లు పోసినవాళ్ళు కారు. టిఫిన్లు, క్యారేజీలు, కుళాయి నీళ్ళు, అన్నీ ఆ అరగంటలోనే.

పుస్తకం అట్ట మీద పరిశీలకుడి పేరు బసవేశ్వరరావు. ఆయన నిజంగానే చూశాడు, మొదటి వారం రోజులు. ఎనిమిదో రోజు మడమ నొప్పి వచ్చింది. మడమ తగ్గింది, పని మాత్రం తిరిగి ఆయన దగ్గరికి వెళ్ళలేదు. నెలాఖరున పుస్తకం ముందు పెట్టుకుని, ముప్పై గళ్ళలో ముప్పై సంతకాలు ఒక్క ఊపులో పెట్టేవాడు. రెండేళ్ళ కిందట బాపట్ల మీటింగులో ఉత్తమ పరిశీలకుడని ఆయనకి శాలువా కప్పారు. ఆ ఫొటో ముందుగదిలో ఉంది. రోజూ దాని అద్దం తుడిచేది కూడా హైమావతే.

"నీకేం పోయింది? ఓ నిమిషం పని," అనేవాడాయన. నిజమే, ఓ నిమిషం పనే. ఆ ఇంట్లో ఆమె చేసేవన్నీ ఓ నిమిషం పనులే. ఆ నిమిషాలన్నీ కలిపితే ఇరవై రెండేళ్ళయ్యాయి.

ఇవాళ సుమయా వస్తోంది. ఆ ప్రాజెక్టులో పనిచేసే తెనాలి పిల్ల. వారం కిందట ఫోన్ చేసి, సెప్టెంబరులో మీ లెక్కలు తేడాగా ఉన్నాయి, వచ్చి చూస్తానండి అంది. అప్పట్నించి బసవేశ్వరరావుకి నిద్ర లేదు. సెప్టెంబరులో తొమ్మిది రోజులు హైమావతి ఇంట్లో లేదు. తెనాలి ఆసుపత్రిలో గర్భసంచి తీయించుకుని పడుకుని ఉంది. ఆరో రోజున వార్డు బయట రేకుల మీద తెల్లవార్లూ వాన దంచి కొడుతుంటే, సీసా పొంగిపోతుందేమోనని ఆమె కుట్లు పట్టుకుని లేచి ఫోన్ చేసింది. "చూశారా అండి?" అంటే, "చూశాలే, నువ్వు పడుకో," అన్నాడు. ఆ మాటకి ఆమెకి ఎంత హాయిగా అనిపించిందో. ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే తొమ్మిది గళ్ళలో తొమ్మిది సున్నాలు. సీసా మాత్రం అంచుదాకా నిండి, చుట్టూ నేల చిత్తడిగా ఉంది. అడిగే ఓపిక లేక ఆమె సీసా ఒంపేసి, కడిగి పెట్టేసింది.

పెరట్లోంచి వచ్చి ఆమె వడ్డించిన పెసరట్టు ముందుకి జరుపుకుంటూ బసవేశ్వరరావు గొంతు తగ్గించాడు. "ఆ తొమ్మిది రోజులు నేను ఊళ్ళో లేనని చెబుతా. నువ్వే రాశానని చెప్పు. ఆడాళ్ళు, తెలీక రాశారనుకుంటారు, వదిలేస్తారు. నీకేం పోయింది?"

హైమావతి ఆయన వంక చూసింది. పదకొండేళ్ళ ఒప్పులు ఆయనవి, తొమ్మిది రోజుల తప్పు తనది. అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అని ఊరికే అనలేదు పెద్దలు. కోపం రావాల్సిన చోట ఆమెకి అలసట వచ్చింది. ఎప్పుడూ అదే వస్తుంది.

పది గంటలకి సుమయా స్కూటరు మీద వచ్చింది. పెరట్లో గరాటు తీసి చూసింది, సీసా చూసింది, థర్మామీటర్లు చూసింది. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. "పరికరం చెడిపోలేదక్కా," అని హైమావతితో అంది. ఆ మాటలో సగం మిగిలిపోయింది.

"ఇవన్నీ పంపితే అక్కడ ఏం చేస్తారమ్మా?" అని హైమావతి అడిగింది. ఇన్నేళ్ళలో అడిగే అవకాశం రావడం ఇదే మొదటిసారి.

సుమయా కంచెకి ఆనుకుని చెప్పింది. "కంప్యూటరు నిన్నటి లెక్కల్ని బట్టి ఇవాళ వాతావరణం ఎలా ఉంటుందో ముందే ఒక అంచనా వేసుకుని కూచుంటుందక్కా. మీరు చూసి పంపింది దాంట్లో కలిపి ఆ అంచనాని దిద్దుతాం. ఆ దిద్దినదాంట్లోంచే రేపటి వాన చెబుతాం. అంచనాని ఎంత నమ్మాలి, చూసినవాళ్ళని ఎంత నమ్మాలి, అదే మా తలనొప్పంతా. రెంటికీ మరీ తేడా వస్తే, మీరు చూసినదాన్నే అది పక్కన పెట్టేస్తుంది. సెప్టెంబరులో ఒక్క రోజే చుట్టుపక్కల అన్ని చోట్లా ఎనభై మిల్లీమీటర్లు పడితే, మీ పెరట్లో సున్నా. ఆ తర్వాత మీ స్టేషను పంపినవన్నీ పక్కనే పెడుతున్నాం."

అంటే ఈ ఐదు నెలలూ. వంగొద్దన్నారు డాక్టరు. కుట్లు లాగుతుంటే కంచె పట్టుకుని వంగి చూసినవన్నీ పక్కన పడి ఉన్నాయి. హైమావతికి కళ్ళు మండాయి. ఈ ఇంట్లోకి వచ్చిన రోజే వీళ్ళూ తన గురించి ఒక అంచనా వేసుకున్నారు, దీనికేం తెలుసులే అని. ఇరవై రెండేళ్ళు తను ఎన్ని చేసి చూపించినా ఆ అంచనా ఒక్క వీసం దిద్దుకోలేదు. చేసిందే పక్కకి పోయింది.

"ఏమీ రాయకుండా వదిలేస్తే?" అంది మెల్లగా.

"ఖాళీ వల్ల నష్టం లేదక్కా. ఎవరూ చూడలేదని అర్థమవుతుంది. సున్నా అంటే ఎవరో వెళ్ళి చూశారు, వాన పడలేదు అని. చూడకుండా పెట్టిన సున్నాతోనే అంతా పాడవుతుంది."

ముందుగదిలో టీ ఇస్తుండగా బసవేశ్వరరావు మొదలెట్టాడు. "ఆ రోజుల్లో నేను ఊళ్ళో లేనమ్మా. మా ఆవిడకి అప్పజెప్పి వెళ్ళాను. ఆడవాళ్ళు కదా, ఏదో..."

"అవునమ్మా, దానికి చదువు తక్కువ," అని ధనమ్మ వంత పాడింది.

సుమయా హైమావతి వైపు తిరిగింది. ఆమె ఇంకొక్కసారి తలూపితే చాలు, అందరూ టీ తాగి లేస్తారు.

హైమావతి ట్రే కింద పెట్టింది. "ఆ తొమ్మిది రోజులూ నేను తెనాలి ఆసుపత్రిలో ఉన్నానమ్మా. గర్భసంచి తీశారు. కాగితాలున్నాయి, చూపిస్తాను." చుట్టాలకి కూడా ఒంట్లో నలతగా ఉందని మాత్రమే చెప్పి దాచిన మాట అది. ధనమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ సున్నాలు కొట్టేసి ఖాళీ అని రాసుకోండి. ఎవరూ చూడలేదు. మిగతా పదకొండేళ్ళూ నేను చూశాను. అవి నమ్మొచ్చు."

సుమయా పుస్తకం తెరిచి, పెన్ను తీసి, "మీ పూర్తి పేరు చెప్పండక్కా," అంది.

ఆ తర్వాత ఇల్లేమీ మారిపోలేదు. బసవేశ్వరరావు వారం రోజులు మాట్లాడలేదు, తిండి మాత్రం మానలేదు. ధనమ్మ వచ్చిన వాళ్ళందరికీ, పరాయి పిల్ల ముందు కోడలు మొగుడి పరువు తీసిందని చెప్పుకుంది. హైమావతి ఎనిమిదిన్నరకి స్టవ్ కట్టేసి వెళ్ళి, చూసి, రాసి, పక్క గడిలో తన సంతకం పెట్టి వచ్చేది.

నెలాఖరున అలవాటు కొద్దీ బసవేశ్వరరావు పెన్ను పట్టుకుని పుస్తకం ముందు కూర్చున్నాడు. గళ్ళన్నీ ఆమె సంతకంతో నిండి ఉన్నాయి. పన్నెండు, పదమూడు తేదీలు మాత్రం ఖాళీ.

"ఈ రెండు రోజులు ఏం రాయలేదేంటి?"

"ఆ రెండు రోజులు నాకు జ్వరం. లేవలేదు."

"రాయకుండా వదిలేస్తే ఎట్లా? ఇంట్లో ఎవరూ లేనట్టు!"

హైమావతి చిక్కుడుకాయల పళ్ళెం ముందుకు లాక్కుని, ఈనెలు తీస్తూ అంది. "నేను మంచంలో ఉన్నాను. మీరు ఇంట్లోనే ఉన్నారు. ఎవరూ చూడలేదు. అదే పంపాను."