మునగచెట్టు ఉత్తరాలు

తెనాలిలో చదువుకున్నవాడై ఉండి నా చేత ఇంగ్లీషులో యోగ్యతాపత్రం రాయించుకోనివాడు అరుదు. గొప్పకు చెప్పడం లేదు, సిగ్గుపడే చెబుతున్నాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. పిల్లలకు ఇంగ్లీషు వచ్చిందో లేదో గానీ, నా దగ్గర ఉత్తరం పుచ్చుకోవడం మాత్రం అందరికీ వచ్చింది. టవరింగ్ అంటే గోపురమంత ఎత్తు. కలోసల్ అంటే కొండంత. అన్‌పారలల్డ్ అంటే సాటిలేని. లాఫ్టీ, సుప్రీమ్ ఇంకా ఉండనే ఉన్నాయి. అడిగినవాణ్ణల్లా ఏదో ఒక మాటతో మునగచెట్టు ఎక్కించేవాణ్ణి. చేబ్రోలు కోటేశ్వరరావుకు ‘గో’ అనే క్రియకు గతకాలం ఏమిటో నేటికీ తెలియదు. అతని తెలివి టవరింగ్ అని సంతకం పెట్టి ఇచ్చాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి.

నేను రిటైరయ్యే ఏడు రూతు మా స్కూలుకు వచ్చింది. రేపల్లె పిల్ల. తండ్రి బర్నబాస్ రైల్వేలో గ్యాంగుమాన్. ట్రైనింగులో భాగంగా రెండు నెలలు మా దగ్గర పాఠాలు చెప్పాలి. ఒకరోజు ‘టాల్, టాలర్, టాలెస్ట్’ చెబుతూ ఆడపిల్లల్ని ఎత్తు ప్రకారం వరసగా నిలబెట్టింది. అందరికంటే పొట్టిది సుశీల, చివర నిలబడి ఏడుపు మొహం పెట్టింది. రూతు ఆ పిల్లను ఎత్తి బెంచీ మీద నిలబెట్టి, ఇప్పుడు చెప్పు, ఎవరు ఎత్తు అని అడిగింది. ఏడాది పొడుగునా నా క్లాసులో నోరు విప్పని సుశీల ఒక పూర్తి వాక్యం ఇంగ్లీషులో చెప్పింది. కిటికీ అవతల నిలబడి విన్న నాకు ఒళ్లు జలదరించింది.

ఆ తర్వాత రెండేళ్లలో రూతు రెండుచోట్ల ఇంటర్వ్యూకు వెళ్లింది, రెండుచోట్లా ఉద్యోగం రాలేదు. అరవై తొమ్మిది జూన్‌లో బాపట్లలో ఒక హైస్కూలువాళ్లు ఇంగ్లీషు టీచరు కావాలన్నారు. మరో నెల దాటితే ఆమెకు ఉద్యోగ వయసు దాటిపోతుంది. ఉత్తరం కావాలని వచ్చింది. కలం పట్టుకుని కూర్చున్నాను గానీ, ఊరందరికీ పంచిన ఆ ఎంగిలి మాటలు ఈ పిల్లకు పెట్టబుద్ధి కాలేదు. ‘ఈమె మంచి టీచరు’ అని ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం రాశాను. ‘గుడ్’ అన్నానంతే. కవరు అంటించి నేనే పోస్టు చేశాను. జీవితంలో ఒక్క నిజమైన ఉత్తరం రాశానని పొంగిపోయాను కూడా.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే మా స్కూలు పాత గుమాస్తా జగన్నాథరావు వస్తే, ఆ గొప్ప అతనికి చెప్పుకున్నాను. అతను కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

“ఆ పిల్ల మీద నీకేం కోపమయ్యా? నీ చేతి ఉత్తరంలో పొగడ్త లేదంటే మనిషిలో ఏదో లోపం ఉందనే కదా అనుకుంటారు.”

అదే ఉద్యోగానికి కోటేశ్వరరావూ, నా శిష్యులు మరో ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. ముగ్గురివీ నా ఉత్తరాలే, ముగ్గురూ ఆకాశంలో ఉన్నారు. నేల మీద ఉన్నది రూతు ఒక్కతే. ఇంటర్వ్యూ పదకొండింటికి. అప్పటికే ఎనిమిదిన్నర. చొక్కా గుండీలు సరిగా పెట్టుకోకుండానే స్టేషనుకు పరుగెత్తాను.

ప్యాసింజరు ప్రతి ఊళ్లోనూ ఆగింది. నిడుబ్రోలులో మెయిలుకు దారివ్వాలని అరగంట నిలబెట్టేశారు. కాలుగాలిన పిల్లిలా ప్లాట్‌ఫారం మీద తిరిగాను. నా వల్లే ఆ పిల్ల బతుకు పాడవుతుందేమోనన్న భయం తప్ప ఇంకో ఆలోచన రాలేదు. అప్పికట్ల దాటేసరికి పదకొండు కానే అయింది.

స్కూలు వరండాలో ఇంకా పిలుపు కోసం కూర్చున్న ముగ్గురు కుర్రాళ్లూ లేచి దణ్ణం పెట్టారు. తమకోసం చెప్పడానికే వచ్చాననుకుని వాళ్ల మొహాలు వెలిగాయి. బెంచీ చివర రూతు కూడా లేచి నిలబడింది. ఎవరి వంకా చూడకుండా లోపలికి పోయాను.

స్కూలు సెక్రటరీ పూర్ణచంద్రరావుగారు నన్ను కూర్చోబెట్టి, నేను రూతు పేరెత్తగానే, ఆమె కాగితాలు ముందే పక్కన పెట్టేశామన్నాడు. “మీరు పెద్దమనుషులు, ఆ పిల్లలోని లోపం నోటితో చెప్పలేక అలా రాశారని మాకు అర్థమైందండి.”

“నేను నిజం రాసింది ఆ ఒక్కటేనండి,” అన్నాను. “మిగతా మూడూ అబద్ధాలు.”

ఆ మాట వాళ్ల ముందు చెప్పగలరా అని ఆయన అడిగాడు. చెబుతానన్నాను. ఆయన అందర్నీ లోపలికి పిలిపించాడు. చెప్పాను. ఇద్దరు నన్ను తినేసేలా చూశారు. కోటేశ్వరరావు మాత్రం తల దించుకున్నాడు.

“మా నాన్న ఆ ఉత్తరం నకలు పటం కట్టించి పెట్టుకున్నాడు మాస్టారూ,” అన్నాడు మెల్లగా.

నిలువునా సిగ్గుతో చచ్చిపోయాను. పూర్ణచంద్రరావుగారికి మాత్రం విసుగొచ్చింది. నాలుగు ఉత్తరాలూ పక్కకు తోసి, ఈ మాటలతో పనిలేదు, ఎనిమిదో క్లాసులో తలా పది నిమిషాలు పాఠం చెప్పమన్నాడు. నన్ను వరండాలో ఉండమన్నాడు. రూతు చివర వెళ్లింది. పది నిమిషాలు దాటాయి, ఇరవై దాటాయి, లోపల్నుంచి పిల్లల గొంతులే తప్ప ఆమె గొంతు వినపడలేదు. తడబడి ఆగిపోయిందేమోనని భయపడ్డాను.

అరగంటకు ఆయన బయటికి వచ్చాడు. పిల్లలందరి చేతా ఇంగ్లీషు పలికించింది, ఉద్యోగం ఆ అమ్మాయికే అన్నాడు. వెంటనే నా ముందు ఒక తెల్లకాగితం పెట్టాడు.

“ఆమె కాగితాలు గుంటూరు విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లాలండి. అక్కడ మీ ‘గుడ్’ చూస్తే కాగితాలు తిప్పికొడతారు. ఎప్పట్లాగే ఒకటి రాసేయండి.”

కాదనే ధైర్యం లేకపోయింది. అక్కడే కూర్చుని రాశాను. టవరింగ్ అన్నాను, అన్‌పారలల్డ్ అన్నాను. కోటేశ్వరరావుకు రాసిన మాటలే ఒక్కటి కూడా తగ్గకుండా వచ్చాయి. రూతు ఆ కాగితం అందుకుని నిలబడే మొత్తం చదివింది. ఆమె మొహంలో ఇందాకటి సంతోషం తగ్గిపోయింది.

“ఇప్పుడేగా మాస్టారూ, ఈ మాటలన్నీ అబద్ధాలని అందరి ముందూ చెప్పారు?”

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. నాకు ఇంగ్లీషులో ఒక్క మాట మిగల్లేదు.

“నీ పాఠం విన్న రోజున, ముప్పై ఏళ్లూ నేను చెప్పినవి పాఠాలే కావని తెలిసిందమ్మా,” అన్నాను.

ఆమె నమ్మిందో లేదో నాకు తెలియలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆఫీసు గదిలో ఇవ్వడానికి వెళ్లింది.