వజూ అనుమానం

వజూ ఉందా, పోయిందా అన్న అనుమానం మెక్కీని ఇరవై ఏళ్లుగా పీడిస్తోంది. నమాజుకు ముందు మొహమూ చేతులూ కాళ్లూ కడుక్కుని శుద్ధి అవుతాడా, చాప దాకా వచ్చేసరికి మూత్రం ఒక చుక్క జారిందేమోనని గుబులు. మళ్లీ కొళాయి దగ్గరికి. కైరువాన్ పాతబజారులో అతని మిఠాయి కొట్టు పక్కవాళ్లు కూడా నవ్వేవారు. ఇమాం బెల్గాసెమ్ గారు మాత్రం, "అనుమానంతో వజూ పోదు. పట్టించుకోకు, నమాజు చేసుకో," అనేవారు. అంత చిన్న చుక్కను దేవుడు పట్టి చూస్తాడా అని మెక్కీ తనను తానే అడిగేవాడు. అడిగినందుకు క్షమించమని వేడుకునేవాడు.

రవ్వ బస్తాలు మోసి మోసి నడుములో డిస్కు జారింది. మార్చిలో ఆపరేషన్ అన్నారు. ఈలోగా కరోనా వచ్చిపడింది. వెన్నెముక వార్డు మంచాలు ఊపిరందనివాళ్లకు ఇచ్చేసి, ఆపరేషన్లన్నీ ఆపేశారు. ఫోన్ చేస్తే నర్సు, "ఇప్పుడు రావద్దు బాబాయ్. కాలు పడిపోయినా, ఒంటికి వెళ్లడం తెలియకపోయినా మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు," అంది. కాలు మాటే అతని చెవికెక్కింది. రోజూ పొద్దున్నే బొటనవేలు ఆడించి చూసుకుని, అల్‌హమ్దులిల్లా అనుకునేవాడు.

రంజాన్ మధ్యలో ఒక సాయంత్రం, వజూకు ముందు శుభ్రం చేసుకుంటుంటే, తొడల మధ్య నీళ్లు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో తెలియలేదు. లేచి చూస్తే బట్ట తడి. పాత పిచ్చే అనుకున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. మళ్లీ.

వంటింట్లోంచి భార్య జొహ్రా కేకేసింది. "ఏమయ్యా, ఊళ్లో నీళ్లన్నీ నువ్వే పోసుకుంటావా? సూపుకి ఒక చెంబైనా వదులు!"

"జొహ్రా, నాకు తెలియట్లేదే."

"నీకెప్పుడు తెలిసింది గనక?"

మెక్కీకి నవ్వు రాలేదు. విడమరిచి చెప్పడానికి పెళ్లాం దగ్గరా సిగ్గే. ఆస్పత్రికి చెప్పాలంటే ఇంకా సిగ్గు. పైగా అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి రావడం లేదని బజారంతా చెప్పుకుంటోంది. మసీదుకు తాళం. చివరికి ఇమాం గారికి ఫోన్ చేశాడు.

"షేక్ గారూ, వజూ గురించి..."

"మళ్లీనా మెక్కీ! ఇరవై ఏళ్లుగా ఒకటే పాట."

"చుక్క పడిందేమోనని కాదండీ. పడినా తెలియట్లేదు. గిల్లుకున్నా అక్కడ తెలియట్లేదు. నమాజు చెల్లుతుందా?"

ఇమాం గారి గొంతులో విసుగు పోయింది.

"నమాజు సంగతి దేవుడు చూసుకుంటాడు. ఇది నన్నడగాల్సింది కాదు నాయనా. ఇప్పుడే ఆస్పత్రికి పద. జొహ్రమ్మకి ఫోనివ్వు."

జొహ్రా విన్నది, పొయ్యి ఆర్పింది, అంబులెన్సును పిలిచింది. "నాతో చెప్పడానికేం రోగం నీకు?" అని దారిపొడుగునా తిడుతూ ఏడ్చింది. గేటు దగ్గర ఆమెను ఆపేశారు. ఖాళీగా పడున్న ఆపరేషన్ గదుల్లో ఒకటి అతని కోసం తెరిచారు. జారిన డిస్కు కింద నరాల కట్ట నలిగిపోతోందనీ, ఇప్పటికే ఆలస్యమైందనీ, స్పర్శ తిరిగొస్తుందో లేదో చెప్పలేమనీ డాక్టరు మాస్కు వెనకనుంచి చెప్పాడు.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక కూడా వారాల తరబడి మూత్రపు గొట్టంతోనే ఉన్నాడు. పూటపూటా గిల్లుకుని చూసుకునేవాడు. ఎండలు ముదిరాక ఒక పొద్దున కడుక్కుంటుంటే నీళ్లు జివ్వుమన్నాయి.

"చల్లగా ఉన్నాయే!" అని అరిచాడు.

"అయితే ఇక చాలించు," అంది జొహ్రా తలుపవతల నుంచి.

చలికాలంలో, తప్పిన రంజాన్ ఉపవాసాలు తీర్చబోతుంటే, వాటికన్నా పాత ఉపవాసం ఒకటి గుర్తొచ్చింది. ఎప్పుడో కూతుర్ని స్ఫాక్స్‌లో అత్తింట దిగబెట్టే ప్రయాణంలో వదిలేసినది. రేపు రేపంటూ ఏళ్లు గడిపాడు. ముందు దాన్నే పట్టాడు. పొద్దు కుంకగానే జొహ్రా ఖర్జూరం అందించింది. మెక్కీ దాన్ని నెమ్మదిగా నమిలి, గింజ పళ్లెంలో పెట్టాడు. ఆ బాకీ తీరింది.